స్టాఫ్‌కు మాత్రమే

సుశీల పొద్దున పూట నీళ్ళు తాగడం మానేసి రెండు నెలలు దాటింది. ఉపవాసం కాదు, మొక్కుబడీ కాదు. ఆ పిల్ల ఎం.కాం. చదువుతోంది, అంతే.

పుంగనూరులో అక్క మునిరత్నమ్మ ఇంట్లో ఉంటూ రోజూ బస్సులో మదనపల్లెకు పోయి వస్తుంది. ధనుర్మాసం చలికి అక్క పొయ్యి ముందర కూర్చోబెట్టి కాఫీ గ్లాసు చేతిలో పెడితే, పెదవులు తడుపుకుని దించేస్తుంది. సంగటి ముద్దలోకి పులుసు కూడా తక్కువే పోయించుకుంటుంది.

"ఏమ్మే, నీళ్ళు తాక్కుండా ముద్ద ఎట్ల దిగతాది నీకు?" అని ఆ సోమవారం మునిరత్నమ్మ చెంబు ముందుకు తోసింది.

"దప్పిక ల్యాక్కా."

"సంగటి తిన్నాక దప్పిక లేనిది ఎవురికే? మొగం సూడు అద్దంలో. వాడిపోయి వంకాయ అయింది."

సుశీల నవ్వి పుస్తకాలు చంకన పెట్టుకుని లేచింది. చెప్పదగిన సంగతే అయితే ఎప్పుడో చెప్పేది. సొంత అక్కతో చెప్పుకోవడానికి కూడా నోరు రాని సంగతులు మన ఇళ్ళలో చాలా ఉంటాయి. ఆడపిల్లకు సిగ్గు నేర్పినంత శ్రద్ధగా మనం ఇంకేదీ నేర్పం.

సంగతి ఇది. కాలేజీ కమిటీవాళ్ళు పైవాళ్ళ కాళ్ళూ గడ్డాలూ పట్టుకుని ఎం.కాం. కోర్సు తెచ్చుకున్నారు గానీ, ఊళ్ళో ఉన్న కాలేజీలో దానికి గదులు లేవు. కమిటీ మెంబరు ఒకాయనకు పుంగనూరు రోడ్డులో, ఊరు దాటాక, ఖాళీగా పడున్న చెనక్కాయల గోడౌను ఉంది. దాన్ని బాడుగకు తీసుకుని, మధ్యలో అడ్డుగోడలు లేపి, నల్లబల్లలు తగిలించి, బయట 'పి.జి. బ్లాక్' అని బోర్డు కట్టారు. ఇప్పటికీ మబ్బు పడితే క్లాసులో చెనక్కాయ పొట్టు వాసన వస్తుంది. చుట్టుపక్కల ఒక్క ఇల్లు లేదు. మగపిల్లలకు వెనక పొడుగాటి గోడ ఉంది. లెక్చరర్లకు బావి పక్కన ఇటుకలతో కట్టిన లెట్రిన్ ఉంది. దాని పచ్చ తలుపు మీద తెల్ల పెయింటుతో 'స్టాఫ్‌కు మాత్రమే' అని రాసి, తాళం వేసి పెట్టారు. తాళంచెవి హెడ్ క్లర్కు దొరస్వామి కుర్చీకి పైన, గోడకు కొట్టిన మేకుకు వేలాడుతూ ఉంటుంది.

క్లాసు మొత్తానికి ఆడపిల్ల సుశీల ఒక్కతే.

చేరిన వారంలోనే ఆ తాళంచెవి అడిగింది. ఫీజు కట్టేవాళ్ళ వరస అయిపోయాక అడుగుదామని గోడకు ఆనుకుని నిలబడి, ఇంకా ఇద్దరు ముగ్గురు మిగిలి ఉండగానే ఇక ఆగలేక మెల్లగా అడిగింది. దొరస్వామి కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, గోడౌనంతా వినపడేలా, "ఎందుకు?" అన్నాడు. ఎందుకో తెలియనివాడా? ఇద్దరు ఆడపిల్లల తండ్రి ఆయన.

"అది స్టాఫుదమ్మా. స్టూడెంట్లకిచ్చే రూలు ల్యా."

మర్నాటి నుంచి సుశీల బెంచీ మీంచి లేస్తే చాలు, వెనక వరసలో ఎవడో సైకిలు తాళంచెవులు గలగల్లాడించేవాడు. ఇంకెవడో దగ్గేవాడు. అప్పటినుంచి ఆమె మళ్ళీ అడగలేదు. నీళ్ళు మానేసింది.

ఆ సోమవారం చివరి పీరియడ్ కాస్ట్ అకౌంటింగ్. సుశీలకు ప్రాణమైన సబ్జెక్టు. ఒక వస్తువు తయారు కావడానికి ఎవరి చెమట ఎంత, ఏ మిషను అరుగుదల ఎంత అని విడదీసి చూపించే ఆ విద్యంటే ఆమెకు ఎందుకో అంత ఇష్టం. బి.కాం.లో కాలేజీకంతా మొదటి మార్కు ఆమెదే. అకౌంటింగ్ స్పెషల్ సబ్జెక్టుగా ఎం.కాం. పూర్తిచేసి, తానూ ఇలాగే సుద్దముక్క పట్టుకుని నిలబడాలని కోరిక. గంగాధరం సార్ ఆ రోజు ఓవర్‌హెడ్స్, అంటే బాడుగలాంటి ఉమ్మడి ఖర్చులు, ఒక్కో యూనిట్‌కు పంచే పద్ధతి చెబుతున్నాడు. సుశీల కాలివేళ్ళు బిగబట్టి, బెంచీ అంచు పట్టుకుని, పొత్తికడుపులో నొప్పి ఎప్పుడు తగ్గుతుందా అని కూర్చుంది. సార్ బోర్డు మీద ఏం రాశాడో చూసింది గానీ ఒక్క ముక్క తలకెక్కలేదు. అందరికీ ఆ గంట పాఠం, ఆమెకు మాత్రం అది గడియారం.

అదే రోజు మధ్యాహ్నం ఇంకొకటి జరిగింది. గోడౌను ఊడ్చేదీ, ఆ లెట్రిన్ కడిగేదీ గంగులమ్మ. జుట్టు నెరిసిన బక్క మనిషి. సుశీల టిఫిను విప్పకుండా బావి గట్టు దగ్గర కూర్చుని ఉంటే, చీపురు గోడకు ఆనించి వచ్చి దూరంగా నిలబడింది.

"అమ్మా, నువ్వు చేరినప్పట్నుంచీ సూస్తాండాను. నీళ్ళు తాగవు, లేసి యాడికీ పోవు. యాల తల్లీ అట్ల ఉగ్గబట్టుకుంటావు? ఆ కంపచెట్ల అవతల వంక ఉండాది. నాతో రా. నేను అడ్డం నిలబడతా. ఎవురూ రారు."

సుశీలకు ఒళ్ళు భగ్గుమంది. "నేనా? నీతో కంపల్లోకా? నీ పని నువ్వు సూసుకో."

"పోనీలేమ్మా. ఒళ్ళు చెడిపోతాదని చెప్పినా," అని గంగులమ్మ చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

కుప్పం పక్క పల్లెలో పది ఎకరాల రైతు కూతురు సుశీల. ఆమె కోపం కంపచెట్ల మీద కాదు. తన రహస్యం ఊడ్చే మనిషికి తెలిసిపోయిందని. క్లాసులో అంతమంది ఉండీ, అన్నీ తెలిసిన లెక్చరర్లు ఉండీ, ఎవరూ గమనించలేదని కోపం రావలసింది. గమనించిన ఒక్క మనిషి మీద వచ్చింది.

ఆ రాత్రే జ్వరం తగిలింది. ఒంటికి పోతే మంట. మర్నాడు మునిరత్నమ్మ పుంగనూరులోనే లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. డాక్టరమ్మ నాలుగు ప్రశ్నలు అడిగి, పెన్ను కింద పెట్టింది.

"ఎన్నాళ్ళుగా ఆపుకుంటాండావు ఇట్ల?"

సుశీల తల వంచుకుంది. అక్క చూపు చెంప మీద గుచ్చుకుంటోంది.

"మాత్రలు రాసిస్తాను. కానీ మాత్రలకన్నా ముందు నీళ్ళు. బాగా తాగల్ల. వచ్చినప్పుడు పోవల్ల. ఇట్లనే చేస్తే కిడ్నీ దాకా పోతాది, ఆ తర్వాత నా దగ్గరికొచ్చి లాభం లేదు."

ఇంటికొచ్చి తలుపు మూశాక మునిరత్నమ్మ మొదలుపెట్టింది. "పాడు చదువు! ఒళ్ళు పోగొట్టుకుని ఎవుర్ని ఉద్ధరించల్ల? మానుకో."

"చదువు ఏం చేసిందక్కా? తాళం ఏసిండేది చదువు కాదు గదా," అంది సుశీల. అనేసి, తన నోటి నుంచే ఆ మాట వచ్చిందా అని తనే ఆశ్చర్యపోయింది.

బుధవారం మధ్యాహ్నానికి జ్వరం దిగగానే కాలేజీకి పోయి గంగాధరం సార్‌ను కలిసింది. సార్‌ది కుప్పమే. స్త్రీ విద్య మీద కాలేజీ వార్షికోత్సవంలో ఆయన మాట్లాడితే ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. సుశీలను ఎం.కాం.లో చేర్పించమని ఆమె నాయన కృష్ణప్పకు చెప్పిందీ ఆయనే. ఇంత పెద్దమనిషికి ఈ చిన్న సంగతి చెప్పడం సులువనుకుంది. తీరా చెప్పబోతే సగం మాటలే వచ్చాయి. "లేడీస్‌కి ఒక గది లేదు సార్... డాక్టరమ్మ కూడా చెప్పింది..." అని ఆగిపోయింది. సార్‌కు అర్థమైంది. కిటికీ వైపు చూస్తూ, "నిజమే, నిజమే. కమిటీలో పెడతాను," అన్నాడు.

పెట్టాడు. ఆ సాయంత్రమే పెట్టాడు పాపం. గురువారం స్టాఫ్ రూముకు పిలిపించాడు. మిగతా లెక్చరర్లు టీ తాగుతున్నారు. ఆమెను నిలబెట్టే మాట్లాడాడు.

"చూడమ్మా, కమిటీ వాళ్ళు అనేదాంట్లోనూ న్యాయం ఉంది. ఒక్కరి కోసం గది కట్టాలి, గుంత తవ్వాలి, నీళ్ళ తొట్టి పెట్టాలి. నువ్వు కాస్టింగ్ స్టూడెంటువి. ఇంత ఖర్చూ ఒకే ఒక్క యూనిట్ మీద పడితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా?"

టీ తాగేవాళ్ళు మర్యాదగా నవ్వారు. ఆమె ప్రేమించిన విద్యను తీసుకుని ఆమె మొహాన కొట్టారు. ఆమె మనిషి కాదట, యూనిట్ అట.

"నువ్వేం బాధపడొద్దు. ప్రైవేటుగా పరీక్షకు కట్టెయ్. ఇంట్లోనే కూర్చుని చదువుకోవచ్చు, ఆరోగ్యమూ బాగుంటుంది. మీ నాయనకు నిన్ననే కబురు పంపినాను, రేపు వస్తాడు."

"ప్రైవేటుగా కడితే అకౌంటింగ్ స్పెషల్ ఉండదు సార్. లెక్చరర్ పోస్టుకు రెగ్యులర్ ఎం.కాం. అడుగుతారు."

"పోస్టు సంగతి తర్వాతమ్మా. ముందు డిగ్రీ ముఖ్యం," అని ఆయన కప్పు అందుకున్నాడు. ఒక ఆడపిల్ల బతుకు మీద గీత గీయడానికి ఆయనకు పట్టిన సమయం టీ చల్లారేటంత కూడా లేదు.

కృష్ణప్ప ఆ రోజే పొద్దు గూకకముందే వచ్చేశాడు. కుప్పంలో బస్సెక్కి, వి.కోట మీదుగా పలమనేరులో మారి, భుజాన అనపకాయల మూటతో పుంగనూరులో దిగాడు. కాళ్ళు కడుక్కుని వసారాలో కూర్చుని, కూతుళ్ళిద్దరితో కలిసి కాయలు ఒలవసాగాడు.

"ఒంట్లో బాగలేదంట గదమ్మా. సారు ప్రైవేటుగా కడితే మేలంటాండాడు. నువ్వేమంటావు?"

మునిరత్నమ్మ చెల్లెలికేసి చూసి 'చెప్పొద్దు' అన్నట్టు తల ఊపింది. తండ్రితో మాట్లాడే మాటలా అవి? సుశీల ఒక కాయ ఒలిచింది, గింజలు చేటలో పడేసింది. ఇంకో కాయ తీసుకుంది. తీసుకుని ఒలవలేకపోయింది.

"నాయనా, నేను ఆడ ఒంటికి పోయేదానికి చోటు ల్యా. ఉండే ఒక్కదానికీ తాళం ఏసి పెట్టినారు. దానికే నీళ్ళు తాక్కుండా ఉండాను. దానికే జొరమొచ్చింది."

కృష్ణప్ప చేతులు ఆగిపోయాయి. కూతురి మొహం వంక చూడలేదు. చేటలో గింజల వంక చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే నాయనా."

"ఇంతదానికా చదువు మానుకోమంటాండేది?" ఆయన గొంతు పైకి లేచింది. "మడక దున్నేటప్పుడు ఎద్దు నిలబడిందంటే, ఎంత తొందర పని ఉన్నా మేడి వదిలి నిలబడతాం. అది ఉచ్చ పోసుకునేదాంకా అదిలించం. అదిలించినోన్ని ఊర్లో మనిషని అనరు. ఎద్దుకుండే పాటి మర్యాద నా బిడ్డకు ల్యాకపాయనా?"

మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుశీల మాత్రం ఏడవలేదు. లోపలికి పోయి, చెంబెడు నీళ్ళు ముంచుకుని గటగటా తాగింది.

శుక్రవారం ప్రిన్సిపాల్ పి.జి. బ్లాక్‌కు వచ్చే రోజు. తండ్రీ కూతుళ్ళు ఆయన ముందు నిలబడ్డారు. పక్క కుర్చీలో గంగాధరం సార్. కృష్ణప్ప నిన్నటి కోపమంతా బస్సులోనే దించేసి వచ్చినట్టుంది, కండువా చేతుల్లోకి తీసుకున్నాడు.

"సామీ, బిడ్డ చదువుకోనీ. ఆ తాళం కొంచెం తీయించండి."

"అది స్టాఫుది కదా పెద్దాయనా," అన్నాడు ప్రిన్సిపాల్. "ఇంకొకటి కట్టించాలంటే ఇప్పుడు కమిటీ దగ్గర..."

"కృష్ణప్పన్నా, నేను పాపకు అంతా వివరంగా చెప్పినాను," అని గంగాధరం సార్ అందుకున్నాడు. "ఒక్కరి మీద అంత ఖర్చు..."

"సార్," అంది సుశీల. "ఈ గోడౌనుకు బాడుగ కట్టడం మొదలుపెట్టిన మొదటి ఏడు ఎం.కాం.లో ఎంతమంది చేరినారు? ముగ్గురే గదా సార్? ముగ్గురి మీద ఇంత పెద్ద బాడుగ పడితే యూనిట్‌కి ఎంత అయిందో అప్పుడు లెక్క వేసినారా? మనుషులు తర్వాత వస్తారని ముందుగా ఖర్చు పెట్టినారు. ఆడపిల్లలు కూడా అట్లనే వస్తారు. తలుపుకు తాళం ఉంటే ఎవరొస్తారు సార్?"

గోడౌను కమిటీ మెంబరుది. బాడుగ మాట ఎత్తడం ఆ గదిలో ఎవరికీ ఇష్టం లేదు. ప్రిన్సిపాల్ గొంతు సవరించుకున్నాడు.

"సరే. కొత్తది కట్టించడం కుదరదు. స్టాఫ్‌దే వాడుకోవడానికి నీ ఒక్కదానికి పర్మిషన్ ఇస్తాను. నీ ఒక్కదానికే. అర్థమయిందా? ఇంకెవరు వాడినా తాళంచెవి వెనక్కి తీసుకుంటాం."

"మా స్టూడెంటు కదా, వాదన అట్లనే ఉంటుంది," అని గంగాధరం సార్ తన గొప్పే అన్నట్టు నవ్వాడు.

కృష్ణప్ప రెండు చేతులూ ఎత్తి ఇద్దరికీ దండం పెట్టాడు. పెద్ద మనసు సామీ మీది అన్నాడు. సుశీలకు ఆ చేతులు పట్టుకుని కిందికి దించాలనిపించింది. ఎవరి సొమ్ము ఎవరికిచ్చారని దండం? తాళం వేసినవాడికి, తాళం కాస్త వదులు చేసినందుకు దండం పెట్టడం మనకు ఎంత అలవాటయిపోయింది!

నాయనను బస్సెక్కించి వచ్చి దొరస్వామి ముందు నిలబడింది. గంగులమ్మ తలుపు తీసుకుని, తిరిగి తెచ్చి మేకుకు తగిలించిన తాళంచెవిని ఆయన ముట్టుకోలేదు. సొరుగు లాగి, అడుగు నుంచి అలాంటిదే ఇంకొకటి తీశాడు. ఇన్నాళ్ళూ అది అక్కడే ఉంది.

"సారు చెప్పినాడు గదా. నీకు తప్ప ఇంకెవురికీ ల్యా. ఇంకో మనిషి పోయిందని తెలిసిందంటే ఆ రోజే వాపసు ఇచ్చేయల్ల. ఇంగ అడిగేదుండదు."

సుశీల తాళంచెవి పిడికిట్లో పెట్టుకుని వెనక్కి నడిచింది. మగపిల్లలు గోడ దగ్గర నుంచి చూశారు. ఈసారి ఎవడూ దగ్గలేదు.

పచ్చ తలుపు ముందు గంగులమ్మ అప్పుడే కడగడం ముగించి, బకెట్టులో మిగిలిన నీళ్ళు చెట్టు మొదట్లో పోస్తోంది. సుశీల చేతిలో తాళంచెవి చూసి ఆమె మొహం విచ్చుకుంది.

"ఇచ్చినారా తల్లీ? మంచిదాయ. పో పో, శుభ్రంగా కడిగి పెట్టినా."

మొన్నటి మాట గుర్తున్నట్టే లేదు ఆ మొహంలో. సుశీల లోపలికి పోయి గడియ వేసుకుంది. బయటికొచ్చేసరికి ఒళ్ళు తేలికైంది. గెలిచానన్న సంతోషమూ ఉంది, దాచుకోవడమెందుకు. తాళం వేస్తూ పక్కకు చూసింది. గంగులమ్మ చీపురూ బకెట్టూ గోడకు చేర్చి, ఒక రేకు డబ్బాలో నీళ్ళు ముంచుకుని కంపచెట్ల వైపు బయల్దేరింది.

"గంగులమ్మా, యాడికి పోతాండావు?"

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆమె వెనక్కి తిరిగింది.

"ఇంగ యాడికి తల్లీ, వంక కాడికి."

"ఇది ఉండగా..."

గంగులమ్మ నవ్వింది. "ఇది నేను కడిగేది తల్లీ. పోయేది కాదు."

ఆ మాటలో కోపం లేదు, నిష్ఠూరమూ లేదు. ఎండ కాస్తోంది అన్నట్టు చెప్పింది. సుశీలకు మాత్రం చెంప మీద ఒకటి పడ్డట్టయింది. ఇన్నాళ్ళూ తన ఒక్కదానికే అన్యాయం జరిగిందని కుమిలిపోయింది. బాడుగ గురించి అడిగింది, ఓవర్‌హెడ్స్ గురించి అడిగింది. రోజూ ఆ తలుపు తెరిచి, కడిగి, మళ్ళీ మూసి పోయే మనిషి ఎక్కడికి పోతుందో ఒక్కనాడూ అడగలేదు. అడగకపోగా, తనతో రమ్మన్నందుకు ఛీ కొట్టింది. ప్రిన్సిపాల్ 'నీ ఒక్కదానికే' అన్నప్పుడు తనకు తప్పుగా వినిపించనే లేదు.

వెనక్కి తిరిగి తాళం తీసింది.

"రా."

"యాడికి?" గంగులమ్మ మొహంలో నవ్వు పోయింది. "వద్దు తల్లీ. దొరస్వామి సారు సూసినాడంటే నా పని పోతాది. నీకిచ్చిందీ లాగేసుకుంటారు."

"లాక్కోనీ. ఈడ జీతం తీసుకునే మనిషివి నువ్వు. తలుపు మీద రాసిండేది నీకూ వర్తిస్తాది. నేను అడ్డం నిలబడతా. ఎవురూ రారు."

గంగులమ్మ ఒకసారి ఆఫీసు కిటికీ వైపు చూసింది, ఒకసారి కంపచెట్ల వైపు చూసింది. మోకాళ్ళ నొప్పులతో ఆ ముళ్ళ మధ్య కూర్చుని లేవడం ఎంత కష్టమో ఆమె మొహంలో కనిపించింది. డబ్బా కింద పెట్టి లోపలికి పోయింది. ఇన్నాళ్ళూ బయటినుంచి తాళం వేయడమే ఎరిగిన చెయ్యి లోపలి గడియతో కాసేపు తంటాలు పడింది. గడియ పడింది.

సుశీల తలుపుకు వీపు ఆనించి నిలబడింది. అంతలోనే దొరస్వామి మేకు మీది తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, తొందర తొందరగా వచ్చాడు.

"ఏమ్మా, కాలేదా ఇంకా? జరుగు."

"లోపల మనిషి ఉండాది సార్."

దొరస్వామి గోడకున్న చీపురు చూశాడు, బకెట్టు చూశాడు, కింద నీళ్ళ డబ్బా చూశాడు. మొహం కందగడ్డ అయింది. "గంగులమ్మనా లోపల? దానికెంత పొగరు! ఏయ్, బయటికి రా!"

లోపల చప్పుడు ఆగిపోయింది. సుశీల తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

"అరవొద్దు సార్. ఇంత వయసు మనిషి, నిదానంగా వస్తాది."

"తాళంచెవి ఇట్లియ్. ఇప్పుడే ఇయ్. చెప్పినానా లేదా నీకు?"

కాస్టింగ్ క్లాసుకు బెల్లు కొట్టారు. పిల్లలు గోడ దగ్గర నుంచి కదులుతూ ఇటే చూస్తున్నారు. తాళంచెవి పోతే మళ్ళీ నీళ్ళు మానుకోవాలి, లేదా చదువు మానుకోవాలి. లేదంటే ప్రిన్సిపాల్ ముందుకు మళ్ళీ పోయి, మళ్ళీ అడగాలి. ఈసారి ఇద్దరికి అడగాలి. ఆ సంగతి సుశీలకు స్పష్టంగా తెలుసు. అయినా పిడికిలి విప్పలేదు.

"ఇస్తా సార్. లోపల ఉండే మనిషి బయటికి రానీ. అందాక నిలబడండి."

దొరస్వామి ఆఫీసు వైపు చూశాడు, మగపిల్లల గోడ వైపు చూశాడు. వచ్చిన పని ఆయన్ను వెనక్కి పోనిచ్చేలా లేదు. ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, ఎండలో, ఆ తలుపు ముందు నిలబడ్డాడు.